సర్కారు తోసిన కారు

మా కాలనీలో ఒక అమ్మాయికి ఈమధ్య గ్రూప్ వన్ ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బాతో వచ్చి, మర్యాద కోసం కాసేపు కూర్చుని, "అంకుల్, ముప్ఫై రెండేళ్ల సర్వీసులో మీరు ఎన్ని నిర్ణయాలు తీసుకున్నారు?" అని అడిగింది.

"ఒకటి," అన్నాను.

వినయం అనుకుని నవ్వింది. వినయం కాదు, గుర్తు తెచ్చుకునే చెప్పాను. ఆ ఒక్కటి కూడా నా అంతట నేను పూనుకుని తీసుకున్నది కాదు. ఒక ట్యాగు వల్లా, ఒక పెట్రోలు పంపు వల్లా తప్పించుకోలేకపోయాను. ఆ అమ్మాయికి మొత్తం చెప్పే వీలు చిక్కలేదు. స్వీట్లు పంచాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయట. అందుకని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకందరికీ కలిపి రాస్తున్నాను.

ఎర్రమంజిల్‌లో పరిశ్రమల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో అప్పట్లో నేను సూపరింటెండెంటును. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేశాను కాబట్టి చిక్కు ఫైళ్లన్నీ నా సెక్షన్‌కు వచ్చేవి. ఎమ్మే చేసినవాణ్ని తొందరపెట్టడానికి అందరూ మొహమాటపడేవారు కాబట్టి అవి అక్కడే ఉండేవి.

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టిన రెండు వేల సంవత్సరం, ఏదీ ఆగకుండానే దాటిపోయిన రోజులవి. అమీర్‌పేటలో గోడ కనబడేది కాదు, గోడంతా కోర్సులే. ఆఫీసు నుంచి అటు నడిచివెళ్లి టీ తాగి వచ్చేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు చేరేవి. ఒకసారి నేను పరధ్యానంగా ఒక ఫైల్లో పెట్టిన "నలభై రోజుల్లో జావా" కరపత్రం మా జాయింట్ డైరెక్టర్ గారి టేబుల్ దాకా వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు దాని మీద ఎర్ర ఇంకుతో పేజీ నంబరు ఉంది. కింద జాయింట్ డైరెక్టర్ గారి పొట్టి సంతకం, పక్కన "చూశాను" అని కూడా ఉంది.

పేజీ నంబరు వేసింది మా సెక్షన్ సీనియర్ అసిస్టెంటు మేడమ్. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉండేదో లేదో నాకు తెలియదు గానీ, డజను ట్యాగులు, ఒక పంచింగ్ మిషను, ఒక ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉండేవి. ఫైల్లో విడి కాగితం కనబడితే ఆవిడ చెయ్యి ఆగదు. రంధ్రం, ట్యాగు, ముడి, నంబరు. కొత్తలో ఆవిడ పనిచేసిన చోట ఏదో కాగితం ఒకటి పోయి, రెండేళ్ల పాటు ఎంక్వైరీ నడిచిందట.

"విడి కాయితం ఉంచొద్దు సార్ ఫైల్ల," అనేది. "పోయిందనుకోండ్రి, పోయిన కాయితం మంచిగనే ఉంటది. నా ఇంక్రిమెంటే పోతది."

ఒకసారి నంబరు పడ్డ కాగితాన్ని ఫైల్లోంచి తీయడం అంటే మా ఆఫీసులో దొంగతనం కన్నా పెద్ద నేరం. దొంగతనానికి బెయిలు దొరుకుతుంది.

ఇక జాయింట్ డైరెక్టర్ గారు. కోస్తా నుంచి వచ్చినవారు, చాలా మంచి మనిషి. సర్వీసు మొత్తంలో ఎవరికీ అపకారం చేయలేదు. అపకారం చేయాలంటే ముందు ఏదో ఒకటి నిర్ణయించాలి. ఆయన కనిపెట్టిన పద్ధతి ఒకటి మా ఆఫీసులో నడిచేది. పెద్ద విషయం ఏదైనా సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాల్సి వస్తే మా సెక్షన్ రెండు నోట్లు తయారుచేయాలి. ఒకటి "ఒప్పుకోవచ్చును" అని, ఇంకొకటి "తిరస్కరించవచ్చును" అని. రెండింటి మీదా నా సంతకం, ఆయన సంతకం, ఒకే తేదీ. ఒప్పుకునేది బ్రీఫ్‌కేసు ఎడమ అరలో, ఒప్పుకోనిది కుడి అరలో. లోపలికి వెళ్లగానే సెక్రటరీ గారు "టీ తాగుతారా?" అంటే ఎడమ అర. "తొందరగా చెప్పండి" అంటే కుడి అర. ఎంపికైన నోటు ఆ క్షణంలో ఫైల్లోకి చేరేది. రెండోది ఇంటికెళ్లాక స్టవ్ వెలిగించడానికి పనికొచ్చేదని విన్నాను.

ఈ పద్ధతిలో మేం పదేళ్లు ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. అప్పుడు కార్ల కంపెనీ ఉత్తరం వచ్చింది.

సిటీ అవతల ఒక కంపెనీ చిన్న కార్లు తయారుచేసేది. ఒకప్పుడు ఆ కారు కోసం జనం పేరు రాయించుకుని ఎదురుచూసేవారు. తర్వాత విదేశీ కంపెనీల కార్లు వచ్చాయి. జనం ఎదురుచూడటం మానేశారు. యార్డులో కార్లు వరుసగా నిలబడిపోయాయి, ఫ్యాక్టరీ మూతకు వచ్చింది. పన్నులు మాఫీ చేసి, బ్యాంకుకు ప్రభుత్వం పూచీగా నిలబడి, అన్ని ఆఫీసులకూ తమ కార్లే కొనిపించాలని ఆ కంపెనీ కోరింది. సర్కారు ఆదుకోవాలా, వద్దా? పది రోజుల్లో మా ఆఫీసు "స్పష్టమైన అభిప్రాయం" ఇవ్వాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ మాట చదివి జాయింట్ డైరెక్టర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఏంటండీ ఇది? స్పష్టమైన అంటే ఏంటి వీళ్ల ఉద్దేశం?"

"రెండూ స్పష్టంగానే రాస్తాను సార్," అన్నాను.

రాశాను. ఎడమ అర నోటులో వందల కుటుంబాలు వీధిన పడతాయన్నాను, కంపెనీని నమ్ముకున్న చిన్న చిన్న వర్క్‌షాపులు మూతపడతాయన్నాను, చేతిపని తెలిసినవాళ్లు ఒకసారి చెదిరిపోతే మళ్లీ కూడగట్టలేమన్నాను. రాస్తుంటే నాకు నిజంగానే జాలి వేసింది. టీ తాగి వచ్చి కుడి అర నోటు మొదలుపెట్టాను. జనం కొనని కారును జనం డబ్బుతో నిలబెట్టడం ఏం న్యాయమన్నాను, ఇవాళ కార్లకిస్తే రేపు గడియారాలవాళ్లు వరుసలో నిలబడతారన్నాను. రాస్తుంటే నాకు నిజంగానే కోపం వచ్చింది. రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండూ బాగున్నాయి. రెండింటికీ నేను ఒప్పుకున్నాను.

ఆ పది రోజులూ కంపెనీ ఒక కొత్త కారునీ, ఒక మనిషినీ మా ఆఫీసుకు పంపింది. "మా బండి మీరే వాడి చూడండి" అని వాళ్ల ధీమా. ఆ మనిషి కంపెనీలో టెస్టు డ్రైవరు. యాభైకి దగ్గరపడ్డ ముస్లిం పెద్దమనిషి. అందరం భాయ్ అనేవాళ్లం. ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చే ప్రతి కారునూ మొదట నడిపేది ఆయనే. కారును మా కాంపౌండులో వేపచెట్టు నీడకు పెట్టి, బానెట్ ఎత్తి, లోపల తడిగుడ్డ పరిచేవాడు. బండిని ఎంత ముద్దుగా చూసుకుంటున్నాడో అనుకునేవాణ్ని.

టీ దగ్గర రోజూ ఒకటే ప్రశ్న.

"ఏం రాస్తుండ్రు సాబ్ మా గురించి?"

"పరిశీలనలో ఉంది భాయ్."

"బండిని గిట్ల పరిశీలనల పెడితే బ్యాటరీ దిగుతది సాబ్," అని నవ్వేవాడు.

ఒకరోజు మాత్రం నవ్వలేదు. చేతిలో ఎవరో అమీర్‌పేటలో అంటగట్టిన కరపత్రం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "కంపెనీ బంద్ అయితే వేరే వాళ్లు ఏదో జేసుకుంటరు. నాకు బండి నడుపుడొక్కటే వస్తది. గదే బండి. గీ ఉమర్ల నేను సుత జావా నేర్సుకోవాల్నా సాబ్?"

"పరిశీలిద్దాం భాయ్," అన్నాను. నోరు అలవాటు పడిపోయింది.

పదో రోజున సెక్రటరీ గారు బంజారా హిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో కూర్చుని ఫైలు చూస్తానన్నారు. మా ఆఫీసు జీపు ఆ రోజు కూడా షెడ్డులో ఉంది. "కంపెనీ కారులో వెళితే బాగుండదేమోనండీ," అని జాయింట్ డైరెక్టర్ గారు ఒక పావుగంట ఆలోచించి, ఎండను చూసి, ఎక్కారు. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో నేనూ, ఒడిలో ఫైలుతో మేడమూ. బ్రీఫ్‌కేసు ఆయన కాళ్ల దగ్గర.

ఎర్రమంజిల్ నుంచి పంజాగుట్ట చౌరస్తా ఎంత దూరమో మీకు తెలుసు. అప్పటికి ఫ్లైఓవర్ లేదు, మెట్రో మాట అసలే లేదు. నాలుగు వైపుల నుంచీ వచ్చినవాళ్లు నాలుగు వైపులా ముందు తామే పోవాలనుకునే చోటు అది. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే ఇప్పుడు నీడ ఉంది. ఎండలో అంగుళం అంగుళం జరుగుతూ సరిగ్గా చౌరస్తా నడిమధ్యకు చేరాక కారు ఒకసారి దగ్గి, ఆగిపోయింది.

భాయ్ తాళం తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి బానెట్ మీద చేత్తో చరిచాడు.

"ఏయ్, ఎవలదీ బండి? తియ్యుండ్రి జల్ది!"

జాయింట్ డైరెక్టర్ గారు అద్దం దించి, "ప్రభుత్వ పని మీద వెళ్తున్నామండీ," అన్నారు.

"సర్కారు పని ఆగుడు మామూలే గని సార్, చౌరస్తాల ఆగద్దు. దిగి తోయుండ్రి."

దిగాం. జాయింట్ డైరెక్టర్ గారు బ్రీఫ్‌కేసును సీటు మీద నుంచి వెనక్కి మేడమ్ వైపు అందించారు. ఆ బ్రీఫ్‌కేసు గొళ్లెం ఏనాడో పోయింది. అది మధ్యలోనే నోరు తెరిచింది. నేను చూశాను. కానీ అప్పటికే నా రెండు చేతులూ డిక్కీ మీద ఉన్నాయి, కానిస్టేబులు ఈల నా చెవిలో ఉంది.

మేడమ్ దిగలేదు. "ఫైలు ఇడిచిపెట్టి నేనెట్ల వస్త సార్?" అని కిటికీలోంచి అడిగింది. ఆవిడతో సహా తోశాం.

తోయడానికి మాతో పాటు కోచింగ్ సెంటర్ల నుంచి వస్తున్న ఇద్దరు యువకులు, ఒక చాయ్ హోటలాయన కలిశారు. పంజాగుట్టలో ఒక సౌకర్యం ఉంది, తోసేవాళ్లు ఉచితంగా దొరుకుతారు. అభిప్రాయాలు కూడా.

"ఏంటండీ, కొత్త బండి లాగుందే! సర్కారు డబ్బులిస్తుందని పేపర్లో వేశారు, ఈ కంపెనీకేనా?" అన్నాడు మొదటి యువకుడు, గుంటూరు వైపువాడు.

"పరిశీలనలో ఉంది," అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు తోస్తూనే.

"మంచిగుంది అన్న," అన్నాడు రెండోవాడు, మన ఇటువైపువాడే. "నేను ఆరు నెలలు కూసోని మెయిన్‌ఫ్రేమ్ కోర్సు నేర్సుకున్న. నేను నేర్సుకునేదాంక ఆగి, గప్పుడు దాని గిరాకీ పోయింది. నాకు సుత సర్కారు ఇస్తదా?"

ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసినవాణ్ని కదా, జవాబు చెప్పాలని నోరు తెరిచాను. ఊపిరి రాలేదు. ఇవాళ్టి వరకూ ఆ ప్రశ్నకు నాకు ఊపిరి చాలలేదు.

చాయ్ హోటలాయన అన్నాడు, "నీకెందుకిస్తది బేటా, నువ్వు ఆగితే ట్రాఫిక్ జామ్ అయితదా? గీ బండి లెక్క నడిమిట్ల ఆగాలె. గప్పుడు తోస్తరు."

స్టీరింగు దగ్గర నుంచి భాయ్ గొంతు వినబడింది. "బాతాఁ బంద్ కరో, జోర్ లగావ్! ఇంజన్ హీరా లెక్క ఉంది. ఏక్ చీజ్ ఖరాబ్ ఉంటే మొత్తం బండినే తిడ్తరేంది?"

బంజారా హిల్స్ వైపు రోడ్డు పక్కకు కారు చేరింది. సాయం చేసినవాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. జాయింట్ డైరెక్టర్ గారు ఒక కొట్టు అరుగు మీద కూర్చుని సోడా తాగుతున్నారు. భాయ్ బానెట్ ఎత్తాడు, తడిగుడ్డ తీసి ఒక చిన్న డబ్బీ లాంటి దాని మీద చుట్టాడు. దాని మీద నుంచి ఆవిరి లేచింది.

నాకు వేపచెట్టు గుర్తొచ్చింది. "రోజూ గుడ్డ వేసేది దీనికా భాయ్?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "పెట్రోలు పంపు సాబ్. గరమైతే బంద్ అయితది. పది నిమిషాలు సల్లవడితే మళ్ల మంచిగనే నడుస్తది. అసలు మా పాత పంపు ఎంత మంచిగుండె! మూడేండ్ల కింద పెద్ద మేనేజరు బామ్మర్ది పంపుల ఖార్ఖానా పెట్టిండు. అప్పటిసంది గీ పంపు. ఒక్కసారి నడిమిట్ల ఆగిన బండిని మళ్ల ఎవరు కొంటరు సాబ్?"

"ఎవరికీ చెప్పలేదా?"

డిక్కీ తెరిచి ఒక పొడుగాటి రిజిస్టరు తీశాడు. టెస్టు పుస్తకం. ప్రతి రోజుకూ ఒక వరుస, ప్రతి వరుసలో తేదీ, బండి నంబరు, వంకర తెలుగు అక్షరాల్లో అదే మాట. *గరమైతే బంద్. పంపు మార్చాలె.* పేజీ తిప్పాను. *గరమైతే బంద్. పంపు మార్చాలె.* మూడేళ్లు. ప్రతి పేజీ అడుగునా ఎవరిదో పొట్టి సంతకం, "చూశాను" అని.

"ఎవరూ చదవలేదా భాయ్?"

"సదివిండ్రు సాబ్. దస్తఖత్ సుత చేసిండ్రు గదా."

ఆ "చూశాను"ను ఎక్కడో చూశాను.

"మరి మా వాళ్లకు చెప్పొచ్చు కదా, పది రోజుల నుంచీ మా ఆఫీసులోనే ఉన్నావు," అన్నాను.

"మేనేజర్ సాబ్ పంపేటప్పుడే చెప్పిండు, నోరు తెరిస్తే మళ్ల గేటు దగ్గరికి రావద్దని. చెప్తే నా నౌక్రి పోతది. చెప్పకుంటే అందరిదీ పోతది." బానెట్ మూశాడు. "మీరు పెద్ద సదువు సదువుకున్నరు. ఏం జేయాల్నో మీరే చెప్పుండ్రి."

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేను, "టైమవుతోంది, పోదాం పద," అన్నాను.

కారు ఈసారి బుద్ధిగా కొండెక్కింది. వెనక సీట్లో మేడమ్ మొహం ప్రశాంతంగా ఉంది. నోరు తెరిచిన బ్రీఫ్‌కేసు సంగతి అడిగి ఉండాల్సింది. అడగలేదు.

గెస్ట్‌హౌస్‌లో సెక్రటరీ గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. తక్కువ మాట్లాడే మనిషి. "టీ తాగుతారా?" అన్నారు. జాయింట్ డైరెక్టర్ గారి మొహం వెలిగింది. ఎడమ అర. బ్రీఫ్‌కేసు తెరిచారు. ఎడమ అర ఖాళీగా ఉంది. కుడి అర కూడా ఖాళీగా ఉంది. ఈలోగా సెక్రటరీ గారు మేడమ్ చేతిలోంచి ఫైలు తీసుకున్నారు.

జాయింట్ డైరెక్టర్ గారు మేడమ్ వైపు వంగి చాలా నెమ్మదిగా అడిగారు. "ఏంటండీ, నోట్లేవి?"

"ఫైల్లనే ఉన్నయ్ సార్. మీరు బండి తోస్తుంటే కింద పడ్డయ్. విడి కాయితాలు గదా, ట్యాగ్ చేసిన. నంబర్లు సుత ఏసిన." ఒక్క క్షణం ఆగి, పని సరిగ్గా చేసిన మనిషి వినయంతో చేర్చింది. "రెండూ."

సెక్రటరీ గారు ఆదుకోవాలన్న నోటు చదివారు. తల ఊపారు. పేజీ తిప్పారు. తిరస్కరించాలన్న నోటు చదివారు. తల ఊపారు. వెనక్కి తిప్పి తేదీ చూశారు, ముందుకు తిప్పి తేదీ చూశారు. సంతకాలు చూశారు. బయట ఎవరో చెట్లకు నీళ్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది.

"రెండూ బాగా రాశారు," అన్నారు. "ఎవరు రాసింది?"

జాయింట్ డైరెక్టర్ గారు నన్ను చూపించారు. ఆయన అంత త్వరగా ఒక నిర్ణయం తీసుకోవడం నేను అప్పుడే చూశాను.

"కూర్చోండి," అన్నారు సెక్రటరీ గారు నాతో. "ఈ రెండింట్లో మీ అభిప్రాయం ఏది?"

"పరి..." అన్నాను. ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ మాట మిగతా సగం రాలేదు. కిటికీలోంచి కింద కారు కనబడుతోంది. భాయ్ బానెట్ ఎత్తి గుడ్డ పరుస్తున్నాడు.

"సార్, అయిదు నిమిషాలు టైమివ్వండి," అని కిందికి దిగాను. మెట్ల మీద ఒక్కసారి ఆగాను. వెళ్లి అడిగితే ఆయన నౌకరీ, అడగకపోతే అందరిదీ. నా నౌకరీకి మాత్రం ఏ సందర్భంలోనూ ప్రమాదం లేదు. ఆ సంగతి అంతకు ముందు ఎప్పుడూ నాకు సిగ్గుగా అనిపించలేదు.

"భాయ్," అన్నాను, "ఆ పుస్తకం పైకి తీస్కపోవాలె. నువ్వు ఇస్తనంటేనే. ఇయ్యనంటే నేను చూడలేదు, నువ్వు చూపలేదు."

భాయ్ నన్ను చూశాడు, పైకి చూశాడు. డిక్కీ తెరిచి పుస్తకం తీశాడు. ఇచ్చేస్తాడని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "జర ఠైరో సాబ్. ఇయ్యాలటిది రాయలే," అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, కారు మీద ఆనించి, నెమ్మదిగా రాసి, నా చేతిలో పెట్టాడు.

మెట్లెక్కుతూ చదివాను. *పంజాగుట్ట చౌరస్తా. గరమై బంద్. సర్కారు తోసింది. పంపు మార్చాలె.*

సెక్రటరీ గారు ఆ పుస్తకం చాలాసేపు చూశారు. అన్ని పేజీల్లోనూ ఉన్నది ఒకటే మాట అయినా ప్రతి పేజీ తిప్పారు. చివరి వరుస దగ్గర ఆయన మీసం ఒకసారి కదిలింది.

"ఈయన ఏ గ్రేడు?"

"డ్రైవరు సార్."

"అలాగా. ఈయనకు అభిప్రాయం ఉంది," అన్నారు. ఆ తర్వాత నా వైపు చూసి, "మీది?" అన్నారు.

"సార్, పంపు మార్చకుండా ఇవ్వకూడదు. మారిస్తే ఒక్క ఏడాదికి ఇచ్చి చూడాలి. ఈ విషయం చెప్పినందుకు ఆయన్ను తీసేస్తే అదీ ఆపేయాలి."

ఒక నోటులో చెప్పాల్సింది నోటితో చెప్పేశాను. వెనక్కి తీసుకోవడానికి కుడి అర లేదు. జాయింట్ డైరెక్టర్ గారు టీ కప్పులోకి చూస్తున్నారు. మేడమ్ మాత్రం రిజిస్టరు అందుకుని, పంచింగ్ మిషను తీసింది.

"అది రిజిస్టరు మేడమ్," అన్నారు సెక్రటరీ గారు.

"విడిగ ఉంది గదా సార్," అంది ఆవిడ.

ఉత్తర్వు దాదాపు అలాగే వచ్చింది. ఏడాదికి పూచీ, పంపు మార్చాలి, టెస్టు పుస్తకం నకలు నెలనెలా మా ఆఫీసుకు పంపాలి. పెద్ద మేనేజరు ఆరోగ్య కారణాల వల్ల వెళ్లిపోయారు. పాత పంపు తిరిగొచ్చింది. నెలనెలా వచ్చే నకళ్లలో "ఠీక్ హై" అని ఒకటే మాట ఉండేది. నేను ప్రతి వరుసా చదివేవాణ్ని. సంతకం పెట్టే ముందు, అంతా చదివాకే.

ఇక్కడితో ఆపితే నన్ను తెలివైనవాడంటారు. కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. బండి ఆగిపోవడం మానేసింది. కానీ జనం దాన్ని కొనడం అప్పటికే మానేశారు. మూడేళ్లు చౌరస్తాల్లో ఆగిన కారు ఇక ఆగదని చెబితే ఎవరు నమ్ముతారు? ఏడాది పూచీని ఇంకో ఏడాది పొడిగించాం. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. సర్కారు డబ్బు పోయినంత పోయింది. ఒకే ఫైల్లో ఒకే తేదీతో రెండు విరుద్ధమైన నోట్లు ఎలా ఉన్నాయో వివరించాలని ఆడిట్‌వాళ్లు నన్ను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. నేను వివరిస్తూనే ఉన్నాను. ఆ వివరణలన్నిటికీ మేడమ్ నంబర్లు వేసింది.

సర్కారు అలాంటి కంపెనీలను ఆదుకోవాలా వద్దా అని ఇప్పటికీ ఎవరైనా అడుగుతారు. కంపెనీవాళ్లు పంపిన ఉత్తరం చదవకండి, డిక్కీలో ఉన్న పుస్తకం చదవండి అంటాను. అంతకు మించి నాకు తెలియదు. తెలిసినట్టు రెండు నోట్లు రాయగలను, అడిగితే.

రిటైరయ్యాక నాకు డ్రైవింగు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. అమీర్‌పేటలో, రెండు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల మధ్య సందులో ఒక డ్రైవింగు స్కూలు ఉందని విని వెళ్లాను. బయట రెండు పాత చిన్న కార్లు. లోపల భాయ్. గడ్డం పూర్తిగా నెరిసింది.

"రాండ్రి సాబ్, రాండ్రి!" అని కుర్చీ తుడిచాడు. "మీరు ఇప్పిచ్చిన రెండేండ్లల్ల గిదంత సెట్ చేసుకున్న. లైసెన్సు, జాగ, అంత. కంపెనీ బంద్ అయిన నాడు యార్డుల మిగిలిన రెండు బండ్లు సస్తగ కొన్న. గీ సాఫ్ట్‌వేర్ పిల్లలు మస్తు మంది సాబ్! నౌక్రి రాంగనే కారు కొంటరు, కొన్నంక నడుపుడు నేర్సుకుంటరు."

ఒక కారు బానెట్ ఎత్తి ఉంది. తొంగి చూశాను. లోపల తడిగుడ్డ ఉంది.

"భాయ్, ఇది ఆ బామ్మర్ది పంపు కాదూ?"

"గదే." ఆయన గొంతు తగ్గించాడు. "నేనే మళ్ల పెట్టిన. మంచి బండి మీద ఎవడైనా నేర్సుకుంటడు. పంజాగుట్ట నడిమిట్ల ఆగిన బండిని పక్కకు తీసుడు వస్తె, గప్పుడు డ్రైవర్. గదానికి నేను ఎక్స్‌ట్రా తీసుకుంట."

మూడో రోజునే నన్ను పంజాగుట్టకు తీసుకెళ్లాడు. ఫ్లైఓవర్ నీడలో, సరిగ్గా నడిమధ్యన, కారు ఆగింది. వెనక హారన్లు. అలవాటు కొద్దీ తలుపు తీసి దిగబోయాను. భాయ్ నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"కూసోండ్రి. మీరు రిటైర్ అయిండ్రు. తాళం తిప్పుండ్రి."

తిప్పాను. వెంటనే కదిలింది. పక్కకు వెళ్లి ఆగాక ఆయన డ్యాష్‌బోర్డు కింది నుంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీసి నా ఒళ్లో పెట్టాడు. బండి ఆగినప్పుడల్లా ఎందుకు ఆగిందో నేర్చుకునేవాళ్లే రాయాలట. అది ఆ స్కూలు నియమం.

పెన్ను తీశాను. "పంపు వేడెక్కి ఉండవచ్చును. అయినప్పటికీ, క్లచ్ విషయం కూడా..." అని మొదలుపెట్టాను.

భాయ్ నా భుజం మీదుగా చదివాడు.

"ఒక్కటే రాయుండ్రి సాబ్."

కొట్టేసి, కింద రాశాను. *క్లచ్ నేనే వదిలాను.* సంతకం చేశాను. పూర్తి సంతకం.